కాలి వేలికి బిగిసే ఉంగరం
ఐన్‌హమ్ జబ్బు, అరికాలి చర్మం మందమయ్యే జబ్బులతో దాని సంబంధం

(హైస్కూలు, పి.యు.సి., ప్లస్ టూ, ఇంటర్ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఆరోగ్య పాఠం)

విద్యార్థులారా, తల్లిదండ్రులారా,

ఈ సంచికలో ఆరోగ్య పాఠానికి ఎంచుకున్న జబ్బు చాలా అరుదైనది. మీలో చాలామంది జీవితంలో ఒక్క రోగిని కూడా చూడకపోవచ్చు. అయినా ఈ పాఠం చదవమని కోరడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మీరు జీవశాస్త్రంలో విడివిడిగా చదివే చర్మం, ప్రోటీన్లు, జన్యువులు, వారసత్వం, ఇవన్నీ ఒక్క కాలి వేలి దగ్గర కలిసే ఉదాహరణ ఇది. రెండవది, ఈ జబ్బులో వేలు ఒక్కరోజులో పోదు. సాధారణంగా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఇంట్లో ఎవరో ఒకరు గమనించి సరైన డాక్టరు దగ్గరకు తీసుకువెళితే వేలు దక్కే అవకాశం ఉంది. సిగ్గుపడి దాచుకుంటే ఆ అవకాశం చేజారుతుంది.

మన పిల్లలు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు మీడియాల్లో చదువుతున్నారు. తెలుగులో శాస్త్ర పదాలు వారికి కొత్తగా ఉంటాయి. అందుచేత కొత్త పదం వచ్చిన చోటే దాని అర్థం కూడా చెప్పాము. పిల్లలు చదివి పెద్దలకు వినిపిస్తే మరీ మంచిది.

1. జబ్బు ఎలా మొదలవుతుంది?

కాలి చిటికెన వేలు పాదానికి అతుక్కునే చోట, కింది వైపున, లోపలి పక్క ఒక సన్నని గాడి పడుతుంది. దారం గట్టిగా కట్టి విప్పితే మిగిలే గుర్తులా ఉంటుంది. దారం గుర్తు కాసేపటికి పోతుంది, ఈ గాడి మాత్రం పోదు. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ లోతు పెరిగి, వేలి చుట్టూ తిరిగి, చివరకు ఉంగరంలా కలుస్తుంది. డాక్టర్లు దీనిని నాలుగు దశలుగా చెబుతారు.

మొదటి దశ: గాడి మాత్రమే ఉంటుంది. సాధారణంగా నొప్పి ఉండదు. నొప్పి లేదు గనుక ఎవరూ పట్టించుకోరు. మొత్తం జబ్బులో మోసమంతా ఇక్కడే ఉంది.

రెండవ దశ: గాడి అడుగున చర్మం చిట్లి పుండు పడుతుంది. వేలి కొన వాచి కుంకుడుకాయలా గుండ్రంగా అవుతుంది. ఉంగరం బిగువు వల్ల రక్తం, శోషరసం సరిగా తిరగకపోవడమే ఈ వాపుకు కారణం. కణాల మధ్య చేరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే ద్రవాన్ని శోషరసం అంటారు.

మూడవ దశ: బిగువు ఎముక దాకా వెళుతుంది. గాడి కింద ఉన్న ఎముక సన్నబడి కరిగిపోవడం ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నొప్పి ఎక్కువవుతుంది. వేలు వదులై ఎటంటే అటు తిరుగుతుంది.

నాలుగవ దశ: వేలు దానంతటదే ఊడిపోతుంది. గాడి పడినప్పటి నుంచి ఈ దశకు రావడానికి సగటున 5 ఏళ్ళ వరకు పడుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి.

రోగుల్లో ఎక్కువమందికి రెండు కాళ్ళ చిటికెన వేళ్ళకూ ఈ గాడి ఉంటుంది. ఒక కాలికి కనబడితే రెండో కాలు కూడా తప్పక చూడాలి. 30 నుంచి 50 ఏళ్ళ మధ్య వయసువారిలో ఎక్కువ.

2. ఈ పేరు ఎక్కడిది?

ఐన్‌హమ్ అన్న మాట బ్రెజిల్ దేశం నుంచి వచ్చింది. బయియా రాష్ట్రంలోని సాల్వడోర్ నగరంలో జోజే ఫ్రాన్సిస్కు ద సిల్వా లీమా అనే వైద్యుడు ఉండేవాడు. పుట్టింది పోర్చుగల్‌లో అయినా ఆయన వైద్యజీవితం అంతా సాల్వడోర్‌లోనే గడిచింది. ఆయన, ఆయన మిత్రులు కలిసి 1866లో ఒక వైద్య పత్రిక మొదలుపెట్టారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల్లో, వారి సంతతిలో చిటికెన వేలు ఇలా తెగిపోవడం గమనించి, ఆ సంగతి 1867లో ఆ పత్రికలో వివరంగా రాశాడు. రోగులు తమ యోరుబా భాషలో చెప్పుకునే మాటనే జబ్బుకు పేరుగా ఉంచాడు. రంపంతో కోయడం అని ఆ మాటకు అర్థం చెబుతారు. వేలిని ఎవరో నెమ్మదిగా రంపం పెట్టి కోస్తున్నట్టు ఉంటుందని రోగులే పెట్టిన పేరు అన్నమాట.

అంతకుముందే, 1860లో, పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో పనిచేసిన రాబర్ట్ క్లార్క్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ జబ్బు గురించి రాశాడు. గోల్డ్ కోస్ట్ అంటే నేటి ఘనా దేశం.

సాల్వడోర్ వైద్య బృందంలోనే ఒట్టో వుకెరర్ అనే మరొక వైద్యుడు ఉండేవాడు. 1866లో ఒక రోగి మూత్రంలో ఫైలేరియా పురుగు పిల్లలను చూసినవాడు ఆయనే. గోదావరి తీరంలో, యానాం పరిసరాల్లో, ఒడిషా కోస్తాలో మన పెద్దలకు బోదకాలు అనే జబ్బు బాగా తెలుసు. ఆ బోదకాలు కలిగించే పురుగు శాస్త్రీయ నామం వుకెరీరియా ఈయన పేరు మీద పెట్టినదే. పేద రోగుల కాళ్ళను ఓపికగా పరీక్షించిన కొద్దిమంది వైద్యుల నుంచి వైద్యశాస్త్రానికి ఎంత లాభం వచ్చిందో విద్యార్థులు గమనించాలి.

అసలు ఐన్‌హమ్ ఎందుకు వస్తుందో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఆఫ్రికా సంతతివారిలో ఎక్కువగా కనబడింది. చెప్పులు లేకుండా నడవడం, పాదానికి పదేపదే తగిలే చిన్న దెబ్బలు, పుట్టుకతో వచ్చే శరీర తత్త్వం, ఈ మూడూ కలిసి పనిచేస్తాయని అనుమానం. మన దేశంలో కూడా అక్కడక్కడ ఇటువంటి రోగులను వైద్య పత్రికల్లో నమోదు చేశారు.

3. అసలు ఐన్‌హమ్, నకిలీ ఐన్‌హమ్

వేలి చుట్టూ ఉంగరంలా బిగుసుకున్నదల్లా అసలు ఐన్‌హమ్ కాదు. వేరే కారణం వల్ల అలాంటి ఉంగరమే పడితే దానిని సూడో ఐన్‌హమ్ అంటారు. సూడో అంటే నకిలీ అని అర్థం. పేరు నకిలీ గాని వేలికి కలిగే ప్రమాదం మాత్రం నిజమైనదే. దీనికి కారణాలు మూడు గుంపులు.

(అ) పుట్టుకతో వచ్చేవి: తల్లి గర్భంలో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి పొర చిరిగి, ఆ పీలికలు బిడ్డ వేళ్ళకు, చేతులకు, కాళ్ళకు చుట్టుకుంటాయి. బిడ్డ పుట్టేసరికే గాడి ఉంటుంది. మన ఇళ్ళల్లో ఇలాంటివి చూసి, గ్రహణం నాడు తల్లి ఏదో కోసిందనీ కదిలిందనీ అంటారు. అది నిజం కాదు. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

(ఆ) వంశపారంపర్యంగా వచ్చే, అరచేతులు, అరికాళ్ళ చర్మం మందమయ్యే జబ్బులు. ఈ పాఠంలో ముఖ్య విషయం ఇదే.

(ఇ) తరువాత వచ్చేవి: కుష్టు, మధుమేహం, సొరియాసిస్, చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా, కాలిన గాయాలు, వేలికి చుట్టుకున్న దారం లేదా వెంట్రుక.

కాబట్టి వేలికి గాడి కనబడగానే వేలొక్కటే చూసి ఊరుకోకూడదు. అరికాళ్ళు చూడాలి, అరచేతులు చూడాలి, ఇంట్లో మిగిలినవారి చేతులు, కాళ్ళు కూడా చూడాలి. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ఒక్క మాట ఏదంటే ఇదే.

4. చర్మం ఎందుకు మందమవుతుంది?

పొలంలో పారపట్టేవారి చేతులు కాయలు కాస్తాయి. చెప్పు ఒరుసుకునే చోట ఆనెకాయ వస్తుంది. ఒరిపిడి తగిలే చోట చర్మం తనను తాను కాపాడుకోవడానికి మందమవుతుంది. ఇది జబ్బు కాదు. పని మానేస్తే తగ్గుతుంది.

కొన్ని కుటుంబాల్లో మాత్రం పిల్లలకు పసితనంలోనే, ఏ పనీ చేయకుండానే, అరచేతులు, అరికాళ్ళు పసుపురంగులో మందంగా మారతాయి. దీనిని కెరటోడెర్మా అంటారు. చర్మం పై పొరలో, వెంట్రుకల్లో, గోళ్ళలో ఉండే గట్టి ప్రోటీన్ కెరటిన్. డెర్మా అంటే చర్మం. కెరటిన్ పొర అతిగా పేరుకుపోవడమే కెరటోడెర్మా.

చర్మాన్ని ఒక ఇటుక గోడతో పోల్చవచ్చు. కణాలు ఇటుకలు. వాటి లోపల కెరటిన్ తీగలు ఉంటాయి. పై పొర కణాల చుట్టూ లోరిక్రిన్ అనే ప్రోటీన్ గట్టి పెంకులా ఏర్పడుతుంది. పక్కపక్కన ఉన్న బ్రతికున్న కణాలు ఒకదానితో ఒకటి పదార్థాలు, సంకేతాలు ఇచ్చిపుచ్చుకోవడానికి చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. ఆ ద్వారాలను కట్టే ప్రోటీన్లు కనెక్సిన్లు. వీటిలో ఏది చెడినా గోడ కట్టే పని దారి తప్పి, పై పొర మందమవుతుంది.

మందమైన చర్మం సాగదు. ఎండిన తోలులా ఉంటుంది. వేలు మడత దగ్గర పగులుతుంది, మానుతుంది, మళ్ళీ పగులుతుంది. మానిన ప్రతిసారీ లోపల మచ్చకణజాలం, అంటే గాయం మానాక మిగిలే గట్టి నార, కొంచెం కొంచెంగా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న పట్టీయే వేలి చుట్టూ ఉంగరంగా మారుతుంది. అక్కడి నుంచి జరిగేది ముందు చెప్పిన నాలుగు దశలే.

5. ఈ గుంపులో ముఖ్యమైన రెండు జబ్బులు

వోవింకెల్ జబ్బు: జర్మన్ వైద్యుడు వోవింకెల్ 1929లో వర్ణించాడు. చిన్నతనంలోనే అరచేతులు, అరికాళ్ళు మందమై, వాటి మీద తేనెపట్టులా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. వేళ్ళ కణుపుల పైన సముద్రపు నక్షత్ర చేప ఆకారంలో గట్టి మచ్చలు వస్తాయి. వేళ్ళకు ఉంగరంలా పట్టీలు పడతాయి. చాలామందికి వీటితో పాటు వినికిడి కూడా తక్కువ ఉంటుంది.

చేతుల చర్మానికీ చెవికీ ఏమిటి సంబంధం? సమాధానం 1999లో తెలిసింది. 13వ క్రోమోజోము మీద ఉన్న జి.జె.బి.2 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ చెడుతుంది. ఈ ప్రోటీన్ చర్మంలోనూ ఉంది, లోపలి చెవిలోనూ ఉంది. అందుచేత రెండు చోట్లా దెబ్బ తగులుతుంది. ఇదే జన్యువులో వేరే రకం మార్పులు చర్మానికి ఏమీ చేయకుండా పుట్టుచెవుడు మాత్రమే కలిగిస్తాయి.

వోవింకెల్ జబ్బులో మరో రకం కూడా ఉంది. అందులో వినికిడి బాగానే ఉంటుంది గాని ఒళ్ళంతా చేప పొలుసుల్లా పొట్టు లేస్తుంది. ఆ రకానికి లోరిక్రిన్ జన్యువు కారణమని 1996లో కనుగొన్నారు.

మెలెడా జబ్బు: ఏడ్రియాటిక్ సముద్రంలో, నేటి క్రొయేషియా దేశంలో మ్ల్యెట్ అనే చిన్న దీవి ఉంది. ఇటలీ భాషలో దాని పేరు మెలెడా. 1826లో లూకా స్టుల్లి అనే వైద్యుడు ఆ దీవిలోని కుటుంబాల్లో ఈ జబ్బును గమనించి రాశాడు. మందమైన చర్మం అరచేతులు, అరికాళ్ళతో ఆగకుండా చేతుల, పాదాల పై వైపుకు కూడా పాకుతుంది. చెమట పట్టి వాసన వస్తుంది, గోళ్ళు వికారమవుతాయి, కొందరికి వేళ్ళ చుట్టూ పట్టీ పడుతుంది. ఎస్.ఎల్.యు.ఆర్.పి.1 అనే జన్యువు లోపం దీనికి కారణమని 2001లో తెలిసింది. ఈ జన్యువు 8వ క్రోమోజోము మీద ఉంది.

ఒక చిన్న దీవిలోనే ఈ జబ్బు అంత ఎక్కువగా ఎందుకు కనబడింది? దీవిలో జనం తక్కువ. పెళ్ళిళ్ళు తమలో తామే చేసుకోవలసి వచ్చింది. ఈ మాట దగ్గర మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

6. వారసత్వం లెక్క, మేనరికం సంగతి

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి.

వోవింకెల్ జబ్బుకు ఒక్క ప్రతి చెడితే చాలు. దీనిని బహిర్గత వారసత్వం అంటారు. తల్లికి గాని తండ్రికి గాని జబ్బు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగం.

మెలెడా జబ్బుకు రెండు ప్రతులూ చెడాలి. దీనిని అంతర్గత వారసత్వం అంటారు. ఒక్క ప్రతి మాత్రమే చెడినవారికి జబ్బు ఉండదు, కాని వారు దానిని మోస్తుంటారు. వారిని వాహకులు అంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 4లో 1 వంతు.

ఇలాంటి అరుదైన లోపం ఇద్దరు పరాయి మనుషుల్లో ఒకేసారి ఉండడం బహు తక్కువ. ఒకే తాత లేదా అవ్వ సంతతిలో ఉండడం తేలిక. ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుని లెక్క వేద్దాం. ఒక అవ్వ వాహకురాలు. తాత కాదు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు.

ఆ కొడుకు వాహకుడయ్యే అవకాశం 1/2. కూతురికి కూడా 1/2. ఆ కూతురి బిడ్డకు 1/4. కొడుకు బిడ్డకు కూడా 1/4. బయటి నుంచి వచ్చిన కోడలు, అల్లుడు వాహకులు కారని అనుకుందాం.

ఇప్పుడు ఆ కొడుకు తన అక్క కూతురినే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 1/2 × 1/4 = 1/8. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/8 × 1/4 = 1/32.

అలా కాక కొడుకు బిడ్డకూ కూతురి బిడ్డకూ మేనరికం చేశారు. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 1/4 × 1/4 = 1/16. వారి బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/16 × 1/4 = 1/64.

వాహకులు కాని బయటి సంబంధం చేసుకుంటే బిడ్డకు ఆ జబ్బు రాదు.

మనం తరతరాలుగా సొంత ఊరు విడిచి వచ్చి, వేరే భాషల మధ్య స్థిరపడినవాళ్ళం. మాట, ఆచారం కలిసే సంబంధం దొరకడం కష్టమని పెద్దలు మేనరికానికి మొగ్గు చూపుతారు. ఆ కష్టం నిజమే. మేనరికం చేసుకున్న వారందరి పిల్లలకూ జబ్బులు వస్తాయని కూడా ఎవరూ అనడం లేదు. కాని ఇంట్లో మందచర్మం, పుట్టుచెవుడు వంటి వంశపారంపర్య జబ్బు ఉన్నదని తెలిసినప్పుడు, ఆ వంశంలోనే మళ్ళీ సంబంధం కలిపే ముందు జన్యు సలహా తీసుకోవాలి. పెద్ద వైద్య కళాశాలల్లో ఈ సలహా దొరుకుతుంది. తాంబూలాలు మార్చుకున్న తరువాత కాదు, ముందే అడగాలి.

7. కుష్టు అని భయపడవద్దు, కాదని వదిలేయవద్దు

వేళ్ళు పొట్టివైతే, ఊడిపోతే ఇరుగుపొరుగు వెంటనే అనే మాట కుష్టు. ఈ భయంతోనే చాలామంది కాళ్ళు దాచుకుంటారు. తేడా తెలుసుకోవాలి.

కుష్టుకు కారణం ఒక క్రిమి. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో దానిని కనుగొన్నాడు. ఈ జబ్బులో చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రని మచ్చలు వస్తాయి. ఆ మచ్చల్లో స్పర్శ తగ్గుతుంది. నరాలు ఉబ్బుతాయి. వంశపారంపర్య కెరటోడెర్మాలో క్రిమి లేదు, అది ఎవరికీ అంటదు. పసితనం నుంచీ రెండు అరచేతులూ, రెండు అరికాళ్ళూ ఒకే తీరుగా మందంగా ఉంటాయి.

అయితే కుష్టులో కూడా వేలికి ఇలాంటి గాడి పడవచ్చు. కనుక తేల్చవలసింది డాక్టరే. ఒకవేళ కుష్టే అయినా కంగారు పడనక్కరలేదు. దానికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. 6 నుంచి 12 నెలలు వాడితే జబ్బు నయమవుతుంది. కుష్టును విడాకులకు కారణంగా చూపే వీలును కూడా 2019లో పార్లమెంటు చట్టం తొలగించింది.

8. పసిపిల్లల తల్లులకు ప్రత్యేక మనవి

ఇది ఐన్‌హమ్ కాదు గాని, వేలికి ఉంగరం బిగిసే ప్రమాదాల్లో అన్నిటికన్నా తొందరగా జరిగేది. కాన్పు తరువాత కొన్ని నెలలు తల్లికి జుట్టు ఎక్కువగా రాలుతుంది. ఒక్క వెంట్రుక బిడ్డ కాలి వేలికి, చేతి వేలికి, మగపిల్లల మర్మాంగానికి చుట్టుకోవచ్చు. తడిసిన వెంట్రుక సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. మేజోళ్ళ లోపలి దారాలు కూడా ఇంతే.

బిడ్డ ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోకుండా ఏడుస్తుంటే, కడుపునొప్పి అనుకుని వామునీళ్ళు పట్టే ముందు, మేజోళ్ళు విప్పి పది కాలి వేళ్ళూ, పది చేతి వేళ్ళూ చూడండి. వేలు వాచి, ఎర్రబడి, లోతుగా గీత కనబడితే గంటలు వృథా చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఇక్కడ ఏళ్ళు కాదు, గంటలే లెక్క. మణికట్టుకు, కాలికి కట్టే నల్లతాడు, మొలతాడు కూడా బిడ్డ ఎదిగేకొద్దీ వదులు చేస్తూ ఉండాలి.

9. చికిత్స ఏమిటి?

గాడి తొలి దశలో ఉంటే బిగుసుకున్న పట్టీని కోసి తీసివేసి, చర్మాన్ని ఇంగ్లీషు జెడ్ అక్షరం ఆకారంలో కోసి, త్రికోణాలను అటూ ఇటూ మార్చి కుడతారు. దీనిని జెడ్ ప్లాస్టీ అంటారు. గుండ్రంగా కోసి గుండ్రంగానే కుడితే, మానేటప్పుడు మచ్చ ముడుచుకుని మళ్ళీ ఉంగరమే అవుతుంది. వంకరగా కుడితే బిగువు ఒకే గీత మీద పడదు. ఎముక కరిగిపోయి, వేలు వేలాడే దశకు వస్తే వేలు తీసివేయడమే నొప్పికి, చీముకు విరుగుడు.

మందచర్మం వల్ల వచ్చిన గాడికి చర్మానికి కూడా వైద్యం చేయాలి. రోజూ కాసేపు గోరువెచ్చని నీళ్ళలో పాదాలు నానబెట్టి, తుడిచి, డాక్టరు రాసిన యూరియా క్రీము లేదా సాలిసిలిక్ ఆమ్లం లేపనం రాయాలి. ఈ చర్మానికి తామర వంటి ఫంగస్ తొందరగా పడుతుంది, దానికి మందు వేరుగా వాడాలి. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు వేసుకోవాలి.

కొందరికి అసిట్రెటిన్ అనే మాత్రలు ఇస్తారు. మందం తగ్గి, వేలి చుట్టూ బిగువు సడలిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. కాని ఈ మందు గర్భంలోని బిడ్డకు చాలా ప్రమాదం. వాడుతున్నప్పుడే కాదు, మానిన తరువాత మూడేళ్ళ వరకు గర్భం రాకూడదు. పెళ్ళి కావలసిన ఆడపిల్లలకు ఈ మందు రాస్తే తల్లిదండ్రులు ఈ సంగతి డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడాలి.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. మందచర్మాన్ని ఇంట్లో బ్లేడుతో చెక్కవద్దు. ఆనెకాయలకు అమ్మే ఘాటు మందులు పసిపిల్లల పాదాలంతా పూయవద్దు. వాచిన వేలికి దారం, రాగి తీగ, మంత్రించిన తాడు కట్టవద్దు. ఉన్న ఉంగరానికి ఇంకో ఉంగరం చేర్చినట్టవుతుంది.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి? ముందు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళండి. అవసరాన్ని బట్టి వారే ప్లాస్టిక్ సర్జరీ, ఎముకల విభాగాలకు పంపుతారు. మందచర్మం ఉన్న పిల్లలకు చెవి పరీక్ష తప్పనిసరిగా చేయించండి. బిడ్డ పిలిస్తే పలకడం లేదు, చదువులో వెనకబడ్డాడు అని కొట్టే ముందు వాడికి వినబడుతోందో లేదో తెలుసుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పాఠశాలలకు వచ్చే వైద్య బృందాలు వినికిడి లోపాన్ని కూడా చూస్తాయి. వినికిడి లోపం నిర్ణీత స్థాయిలో ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రం పొందవచ్చు. స్కాలర్‌షిప్పులకు, పరీక్షల్లో సౌకర్యాలకు ఆ పత్రం పనికివస్తుంది.

10. విద్యార్థులకు ఒక మాట

మీ తరగతిలో చేతులు గరుకుగా, పసుపుపచ్చగా ఉన్న పిల్లవాడు ఉండవచ్చు. చెయ్యి కలపడానికి, కబడ్డీలో పట్టుకోవడానికి మిగతావాళ్ళు వెనకాడవచ్చు. ఆ చర్మం అంటుకునేది కాదని ఇప్పుడు మీకు తెలుసు. ముందుగా మీరు చెయ్యి పట్టుకోండి. అతనికి వినబడకపోతే ముందు బెంచీలో చోటు ఇవ్వమని టీచరుగారికి చెప్పండి. ఎప్పుడూ బూట్లు విప్పని స్నేహితుడు వేలు నొప్పి అని చెబితే నవ్వకుండా వినండి. వేలు దక్కడానికి ఆ ఒక్క మాట చాలవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

1. వేలి చుట్టూ పోని గాడి కనబడితే నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించాలి.
2. రెండో కాలు, అరచేతులు, అరికాళ్ళు, కుటుంబ సభ్యుల చేతులు, కాళ్ళు చూడాలి.
3. మందచర్మం ఉన్న పిల్లలకు చెవి పరీక్ష చేయించాలి.
4. వంశంలో ఇటువంటి జబ్బు ఉంటే మేనరికానికి ముందు జన్యు సలహా తీసుకోవాలి.
5. ఏడుపు ఆపని పసిబిడ్డ వేళ్ళు చూడాలి.

అభ్యాసం

1. వోవింకెల్ జబ్బులో చర్మం, చెవి రెండూ ఎందుకు దెబ్బతింటాయి?
2. తండ్రికి వోవింకెల్ జబ్బు ఉంది, తల్లికి లేదు. వారికి పుట్టిన ఇద్దరు పిల్లలకూ జబ్బు రాకుండా ఉండే అవకాశం ఎంత?
3. భార్యాభర్తలిద్దరూ మెలెడా జబ్బు వాహకులు. వారి కూతురికి జబ్బు లేదు. ఆమె వాహకురాలయ్యే అవకాశం ఎంత?
4. జెడ్ ఆకారంలో ఎందుకు కుడతారు? కాగితం కత్తిరించి మీ తమ్ముడికో చెల్లెలికో చూపించి వివరించండి.

జవాబులు: 1. కనెక్సిన్ 26 రెండు చోట్లా ఉంది గనుక. 2. 1/2 × 1/2 = 1/4. 3. నాలుగు అవకాశాల్లో జబ్బు వచ్చేది తీసివేస్తే మూడు మిగులుతాయి, వాటిలో రెండు వాహక అవకాశాలు, కనుక 2/3. 4. తొమ్మిదవ భాగం మళ్ళీ చదవండి.

ఈ పాఠం తెలియజెప్పడానికే గాని చికిత్సకు బదులు కాదు. అనుమానం ఉన్నవారు డాక్టరును కలవగలరు. ఈ రాత్రి పడుకునే ముందు ఇంట్లో అందరూ ఒకసారి తమ పాదాలు చూసుకుంటే పాఠం ప్రయోజనం నెరవేరినట్టే.